ఎత్తు మోళ్లు

ఎన్నికల ఫలితం రేడియోలో చెప్పిన పొద్దున ధన్మతి ఆవు పొదుగు దగ్గర కూర్చుని ఉంది. వాలు కింద బిసేసర్ ఇంటి ముందు టపాకాయలు ఢామ్మని పేలాయి. ఆవు బెదిరి ఒక్క తన్ను తన్నింది. పాలు సగం నేలపాలు, సగం ధన్మతి గౌనుపాలు.

"ఓట్లూ వాడికే, పాలూ వాడి పీడకే!" అని చెంబు విసిరికొట్టింది.

వసారాలో మోకాలికి నూనె రుద్దుకుంటున్న మొగుడు మహాదేవ్ తలెత్తకుండానే, "ఆవు కూడా వంకాయలకే వేసిందేమో కనుక్కో" అన్నాడు.

గెలిచిన పార్టీవాళ్ల చొక్కాలు వంకాయ రంగువి. ఓడినవాళ్లవి పసుపు. ధన్మతి పసుపు చొక్కా తొడుక్కుని మూడు నెలలు తమ ఊరు వైతోలో కొండవాలంతా తిరిగింది. కుక్కలకి కూడా ఆమె చెప్పుల చప్పుడు అలవాటైపోయి మొరగడం మానేశాయి. ఫిజీలో ఓటు కాగితం మీద పేర్లుండవు, బొమ్మలుండవు, ఉత్త నెంబర్లే. అందుకని తమ పార్టీ తరఫున నిలబడ్డ టీచరమ్మ నెంబరు జనం బుర్రకెక్కాలని ధన్మతి కనిపించిన చోటల్లా రాసింది. దుమ్ములో పుల్లతో రాసింది, గోడల మీద బొగ్గుతో రాసింది, ఇంటికొచ్చిన వాళ్లకి పెట్టే రొట్టె మీద కూడా వేలితో నొక్కి రాసింది. జనం రొట్టె తిన్నారు. నెంబరూ మింగేశారు. వెళ్లి వంకాయ పార్టీకి వేసి వచ్చారు.

ఓడడం ఒక ఎత్తు. ఓడించిన తీరు ఇంకో ఎత్తు. చెరకు పండించేవాళ్లెవరికీ ఇక్కడ సొంత భూమి లేదు. భూమి ఫిజీ వంశాల వాళ్లది, వీళ్లవి కౌళ్లు. కౌలు అనే మాట చెవినపడితే వైతోలోలో నవ్వుతున్నవాడు కూడా నవ్వాపేస్తాడు. అది తెలిసే బిసేసర్ మంగళవారం రామాయణ మండలిలో, పుస్తకం మూసి హారతి పళ్లెం అందుకుంటూ, "పసుపువాళ్లు వస్తే కౌళ్లన్నీ రద్దు చేసేస్తారట" అన్నాడు. గట్టిగా అనలేదు. మెల్లగా అన్నాడు, దిగులుగా అన్నాడు. ముసలమ్మల గుండెలు జారిపోవడానికి అంతకంటే ఏం కావాలి? ఆ రాత్రికే మాట కొండ దాటింది. మూడు నెలల నడక ఒక్క హారతికి కరిగిపోయింది.

ఇంత మంటలోనూ ధన్మతికి ఇంకా మంట పుట్టించే సంగతి ఒకటుంది. ఆ బిసేసరే వైతోలో నరుకుడు ముఠాకి పెద్ద, ఇక్కడివాళ్ల మాటలో సర్దారు. ఏటా ముఠా అంతా చేతులెత్తి సర్దారుని ఎన్నుకుంటుంది. ఈ ఏడు ధన్మతి కూడా వాడికే చెయ్యెత్తింది. ఎత్తక చస్తుందా? లారీలు తేవాలన్నా, మిల్లు గేటు దగ్గర వరసలో పోట్లాడాలన్నా వాడి తర్వాతే ఎవరైనా. మంచి సర్దారు, పాడు మనిషి. ఈ రెండూ ఒకే చొక్కాలో ఉండడం ఏం న్యాయమో ఆమెకి అర్థం కాదు.

చెరకుకి పార్టీ లేదు. ముఠాలో పసుపు, వంకాయ అందరూ ఉన్నారు. ఒకరి చేను అందరూ కలిసి నరికి, తర్వాత వంతు వాళ్ల చేలోకి పోతారు. ఎన్నికలకి ముందే వంతులు ఖాయమయ్యాయి. వాగు పక్కనున్న బిసేసర్ చేను అయ్యాక ధన్మతి మీది చేను.

ఆ మీది చేను మామూలు చేను కాదు. నిరుడు మహాదేవ్ మోకాలు పూర్తిగా పోకముందు, అరువు ఎడ్లతో దున్ని, కొత్త గెడలు నాటిన తోట. ఇదే మొదటి నరుకుడు. మొదటిసారి నేలకి అంటుకునేలా నరికితే మన్నులోంచి పిలకలు బలంగా లేచి, మళ్లీ నాటే పని లేకుండా మూడు నాలుగు కార్శి పంటలు వస్తాయి. మోడు ఎత్తుగా వదిలితే పిలకలు గాలిలో మొలుస్తాయి. వాటికి వేళ్లుండవు, మొదటి గాలివానకే పడుకుంటాయి. మళ్లీ దున్ని నాటే ఓపిక మహాదేవ్ మోకాలికి లేదు. ఆ చేను చెడితే వాళ్ల నాలుగేళ్ల అన్నం చెడినట్టే.

*

ఫలితాలొచ్చిన వారం లోపే బా పట్నం నుంచి పసుపు పార్టీ శాఖ చూసే వినీత ఫోన్ చేసింది. మంచి పిల్ల. ఓడిన రోజు ధన్మతి కంటే ఎక్కువ ఏడ్చింది.

"ఆంటీ, పైనుంచి మాటొచ్చింది. కోపాలు పెట్టుకోవద్దంట. మనకి వెయ్యనివాళ్ల ఇళ్లకి వెళ్లి కూర్చోవాలంట. వాదించకూడదంట. వినాలంట. నవ్వుతూ."

"ఏం వినాలమ్మా?"

"ఎందుకు వెయ్యలేదో."

"ఎందుకు వెయ్యలేదో నాకు తెలీదా? అబద్ధం నమ్మి వెయ్యలేదు."

"ఆ మాట మాత్రం అనకండి ఆంటీ."

"అంటే నేను వెళ్లి, నవ్వి, వాళ్ల టీ తాగి, ఆ అబద్ధమే ఇంకోసారి విని రావాలి. అంతేనా?"

"సర్దారుగారింటితో మొదలుపెడితే బాగుంటుంది ఆంటీ. నేను మా అత్తగారితో మొదలుపెట్టాను."

"ఏమైంది?"

"అన్నం తినకుండా లేచొచ్చేశాను" అంది వినీత చిన్న గొంతుతో.

ఫోన్ పెట్టేలోగా మరిది రాజ్‌దేవ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పార్టీ పనిలో ధన్మతికి కుడిచెయ్యి. ముఠాలో అతని కత్తి వేగం ఎవరికీ లేదు. నోటి వేగం అంతకంటే ఎక్కువ.

"వదినా, వాడి గడప తొక్కావంటే నీ గడప నేను తొక్కను. చెప్తున్నా."

"తొక్కకు. ఒక రొట్టె మిగుల్తుంది."

"నవ్వడానికి ఇదేం పెళ్లా? వాళ్ల నగోనా తాగొద్దు, వాళ్ల బండెక్కొద్దు, వాళ్లు ఎదురొస్తే ఉమ్మేసి పోవాలి!"

ధన్మతి నుదురు కొట్టుకుంది. "ఒకళ్లేమో నవ్వమంటారు, ఒకళ్లేమో ఉమ్మమంటారు. నాకున్నది ఒక్కటే నోరురా!"

అయినా వెళ్లింది. వినీత అడిగిందిగా. నెయ్యి పోసి హల్వా చేసి, గిన్నె మీద మూత పెట్టి, మొహం మీద నవ్వు పెట్టి, వాలు దిగింది.

బిసేసర్ ఇంకా వంకాయ చొక్కా విప్పలేదు. దాని బొత్తాలు పొట్ట మీద ప్రాణాలు బిగబట్టి ఉన్నాయి.

"రా వదినా, రా! ఓడినా హల్వా మానలేదే!"

"నోరు తీపి చేద్దామని తెచ్చా."

"ఇందులో ఏం కలిపావు? ముందు పిల్లికి పెట్టనా?"

ధన్మతి నవ్వింది. దవడలు నొప్పెట్టాయి. అతని భార్య టీ తెచ్చింది. ధన్మతి కప్పు అందుకుని, వినీత నేర్పిన మాట ఒప్పజెప్పింది. "మాకెందుకు వెయ్యలేదో చెప్పు బిసేసర్. వింటాను."

బిసేసర్ నోట్లో హల్వా నోట్లోనే ఉండిపోయింది. "ఏంటి?"

"వింటానంటున్నాగా. చెప్పు."

"నీకు ఒంట్లో బాగానే ఉందా వదినా?"

"ఉంది. చెప్పు."

అతను అనుమానంగా చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు. ఎవరైనా వింటామంటే వదిలే మనిషి కాదు. రోడ్డు గురించి చెప్పాడు, ధర గురించి చెప్పాడు. టీచరమ్మ మైకులో మాట్లాడితే తనకి బడిలో బెంచీ ఎక్కి నిలబడినట్టుంటుందని చెప్పాడు. అంతవరకు ధన్మతి కప్పు వైపు చూస్తూ ఓర్చుకుంది. ఒకటి రెండు మాటల్లో నిజం లేకపోలేదు కూడా.

"అన్నిటికంటే ముఖ్యం, మీరొస్తే కౌళ్లు పోయేవి" అన్నాడు చివరికి.

నవ్వు ఊడి కింద పడింది. ధన్మతి లేచి, అతని చేతి కింది నుంచి హల్వా గిన్నె లాక్కుంది.

"అదేంటి వదినా, తింటున్నాగా!"

"ఆవుకి పెట్టుకుంటా. అది తన్నిందే గానీ అబద్ధం చెప్పలేదు."

*

బిసేసర్ చేను నరుకుడు శుక్రవారం పడింది. ముఠాలో ఒక కట్టుబాటుంది. ఇవాళ ఎవరి చేనో వాళ్లు అన్నం పెడతారు, తర్వాత వంతు ఎవరిదో వాళ్లు టీ పట్టుకెళతారు. రేపు నా చేలోకి రండి అని పిలుపన్నమాట. ఎంత కోపమున్నా టీ కాయక తప్పదు. ధన్మతి కెటిల్ మోసుకుని వాగు పక్కకి వెళ్లేసరికి బిసేసర్ లేడు. లారీ మిల్లు గేటు దగ్గర ఆగిపోయిందని పోట్లాడ్డానికి పోయాడు. నరికిన చోటంతా ఎండాకు దుప్పటిలా పరుచుకుని ఉంది.

ఆ ఆకు మీద నడుస్తుంటే కాలి పిక్కకి ఏదో ఠక్కున తగిలింది. కెటిల్ సగం ఒలికింది. ఒంగి ఆకు తొలగించి చూసింది. మోడు. పక్కది తొలగించింది. మోడు. జానెడు పైనే ఉన్నాయి. ఆ వరస ఈ కొస నుంచి ఆ కొసకి చూసింది. రాజ్‌దేవ్ వరస. దాని పక్క రెండు వరసలూ పసుపు చొక్కాలవే. అవతల ఫిజీవాడు అపిసాయ్ వరసలో ఆకు తొలగిస్తే గుండు గీసినట్టుంది నేల.

"ఏందిరా ఇది?"

"మోడు" అన్నాడు రాజ్‌దేవ్, చెమట తుడుచుకుంటూ.

"మోడని తెలుసు గడ్డిమొహమా! ఇంతెత్తుందేమని?"

"మన కోపం అంతెత్తుంది మరి." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆకు కప్పేసింది వదినా. వానలు పడి, పిలకలు లేచి, లేచినవి పడుకునేదాకా వాడికి తెలీదు. అప్పటికి ఎవరి వరస ఏదో ఎవడికి గుర్తుంటది?"

ఒక్క క్షణం ధన్మతికి హాయిగా అనిపించింది. దాచుకోవడం ఎందుకు, చాలా హాయిగా అనిపించింది. టపాకాయలు కాల్చినవాడి చేలో చెరకంతా నేలకి సాష్టాంగపడిన దృశ్యం కళ్లముందు ఆడింది. ఆ వెంటనే ఇంకో చేను కళ్లముందుకొచ్చింది.

"సోమవారం ఎవరి చేనురా?"

రాజ్‌దేవ్ కత్తికి ఆకురాయి పెడుతున్నవాడు ఆగిపోయాడు. "వాళ్లకి తెలీదుగా!"

"నాకు తెలిసిందిగా" అన్నాడు అపిసాయ్, టీ ఊదుకుంటూ. ఈ కొండవాలు భూములన్నీ అతని వంశానివే. అయినా ముఠాలో కూలికి కత్తి పడతాడు. ఓటెవరికి వేశావని అడిగితే, 'ఒక నెంబరుకి' అంటాడు తప్ప ఇంకేం చెప్పడు. "నేనైతే చెప్పను వదినా. కానీ వంకాయ చొక్కావాళ్లకీ పిక్కలున్నాయి. మోడు వాళ్లకీ తగుల్తుంది."

ఇంటికెళ్లి మొగుడి మీద విరుచుకుపడింది. "నీ తమ్ముడికి బుర్ర ఎక్కడుంది?"

మహాదేవ్ అంతా విని, చాలాసేపు మోకాలు నిమురుకున్నాడు. "చెబితే తమ్ముడు పోతాడు. చెప్పకపోతే చేను పోతుంది. ఏది పోవాలో నువ్వే చూడు" అన్నాడు.

"ఎప్పుడూ నేనే చూడాలా? మీ ఇంట్లో కళ్లు ఎవరికీ లేవా?"

*

ఆదివారం మిల్లు మూత, కత్తులకి సెలవు. ధన్మతి మాత్రం పొద్దున్నే చెరకు కత్తి, ఆకురాయి, ఒక గోనెసంచి తీసుకుని వాగు పక్కకి పోయింది. రాజ్‌దేవ్ వరస మొదట్లో వంగి, ఆకు తొలగించి, మొదటి మోడు నేలబారున చెక్కింది. తర్వాతది చెక్కింది. తెగిన ముక్కలు గోనెలో వేసింది. ఒక్కో మోడుకీ ఒక్కో తిట్టు. సగం బిసేసర్‌కి, సగం మరిదికి, మధ్యలో ఒకటీ అరా పైనుంచి మాట పంపినవాళ్లకి.

వరస సగమయ్యేసరికి గట్టు మీంచి కేక వినబడింది.

"ఎవరది నా చేలో? వదినా! ఆదివారం పూట దొంగతనమా?"

"దొంగిలించడానికి నీ చేలో ఏముంది? మావాళ్లు దాచిపెట్టినవి తీస్తున్నా. వచ్చి చూడు."

బిసేసర్ వచ్చి చూశాడు. కాలితో ఆకు తన్నాడు. ఇంకోచోట తన్నాడు. మొహం చొక్కా రంగుకి తిరిగింది.

"ఎవడు?"

"నా మరిది. పక్క రెండు వరసలూ కూడా. పేర్లు నీకు తెలుసు."

"వాడి కాళ్లు విరగ్గొడతాను! ముఠాలోంచి గెంటేస్తాను!"

"గెంటితే రేపు నా చేలో వరస నువ్వు పడతావా? కాళ్లు తర్వాత విరుద్దువుగాని, ముందు కత్తి తెచ్చుకో. ఎండెక్కుతోంది."

అతను కదల్లేదు. "నువ్వెందుకు చెప్పావు నాకు? ఇదీ పార్టీవాళ్లు పంపిన పనేనా, ఆవేళ హల్వా లాగా?"

"వాళ్లు నవ్వమన్నారు. నా వల్ల కాలేదు. ఇదైతే మొహం చిట్లించుకుని కూడా చెయ్యొచ్చు." ఇంకో మోడు చెక్కింది. "నీ మీద జాలి కాదు. రేపు నా మీది చేను. నీవాళ్లకి ఇది తెలిస్తే నా చేలో ఏం చేస్తారో నాకు తెలుసు. మీ అన్న మోకాలు నీకు తెలుసు."

"భయపడ్డావన్నమాట."

"అవును, భయపడ్డాను. కౌళ్లు పోతాయని నువ్వు ముసలమ్మల్ని భయపెట్టావే, ఆ దొంగ భయం కాదు. ఇది అసలు భయం."

బిసేసర్ గొణుక్కుంటూ ఇంటికి పోయి కత్తి తెచ్చాడు. ఆమె పక్క వరసలో వంగాడు. వంగినవాడు వెంటనే లేవలేకపోయాడు. సర్దారయ్యాక కత్తి పట్టి ఎన్నేళ్లయిందో, పొట్ట అడ్డొచ్చింది.

"ఆ మాట నేను పుట్టించలేదు" అన్నాడు కాసేపటికి, మోడుతో చెప్పినట్టుగా. "బా పట్నంలో మీటింగులో చెప్పారు."

"చెప్తే? అడగక్కర్లేదా?"

"ఎవర్ని అడగాలి?"

ధన్మతి నడుం నిటారుగా లేపింది. "ఎవర్నా? భూమి ఎవరిది? అపిసాయ్ వాళ్ల వంశానిది. కౌలు ఇచ్చేది వాళ్లు, తీసేది వాళ్లు. ఆ మనిషి రోజూ నీ ముఠాలో టీ తాగుతున్నాడు. అతన్ని అడగడానికి బా పట్నం పోవాలా? నోట్లోంచి ఒక్క మాట ఊడిపడాలి, అంతే!"

బిసేసర్ నాలుగు మోళ్లు చెక్కాక మళ్లీ అందుకున్నాడు.

"నువ్వు తక్కువ తిన్నావా? నన్ను మైకులో మిల్లువాళ్ల చెంచా అనలేదూ? మా అమ్మ వసారాలో కూర్చుని వింది. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు."

"నీ మీద కోపమొచ్చిందా, నా మీదా?"

"నా మీదే! 'నిజమేనా?' అని అడిగింది!"

ధన్మతికి నవ్వు ముంచుకొచ్చింది. ఈసారి ఎవరూ నేర్పలేదు. అది కనబడకుండా ఇంకా వంగిపోయింది. "సరే, చెంచా అన్నది కొంచెం ఎక్కువే. గరిటె అనాల్సింది."

"చూశావా! దీన్నే అంటారు నోటి దురద అని."

"నాది నోటి దురదైతే గోక్కుంటే పోతుంది. నీది అబద్ధం. రెండూ ఒకటి చెయ్యకు."

అలా వరస పొడవునా పోట్లాడుకుంటూ పోయారు. రోడ్డు, వాగు మీద కల్వర్టు, ఎరువు, టీచరమ్మ గొంతు, ఒక్కటీ వదల్లేదు. ఎండ మండిపోయాక గట్టు మీద కూలబడ్డారు. ధన్మతి గోనెలోంచి రెండు మోడు ముక్కలు తీసి, ఒకటి అతని వైపు విసిరింది. పళ్లతో చెక్కు తీసి నమిలారు. చెరకులో తీపంతా మొదట్లోనే ఉంటుంది.

"ఇంత తీపి నేలపాలు చేశాడు వెధవ" అన్నాడు బిసేసర్, పిప్పి ఉమ్మేసి.

"నా మరిదిని వెధవ అనే హక్కు నాది. నువ్వు అనకు." లేచి, వాలు పైకి తిరిగి గొంతెత్తింది. "ఏమయ్యో! నీ తమ్ముణ్ణి కత్తి పట్టుకుని రమ్మను! మిగతా ఇద్దర్నీ కూడా! రాకపోతే నేనే వస్తానని చెప్పు!"

రాజ్‌దేవ్ వచ్చాడు. వదిన పక్కన బిసేసర్‌ని చూసి కాళ్లు అక్కడే పాతుకుపోయాయి.

"వదినా, ఓడిపోయి, మళ్లీ వాడి చేలో వంగుతావా?"

"నువ్వు లేపిన మోళ్లకిరా నేను వంగింది! ఓటుతో ఓడిపోయాం, అయిపోయింది. చెరకు మీద గెలుస్తావా నువ్వు? అదేం చేసింది నిన్ను? వంగు!"

వంగాడు. బిసేసర్ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే రాజ్‌దేవ్‌ని ఎక్కువ కాల్చింది.

పోతూ పోతూ ధన్మతి చివరి మాట చెప్పింది. "నీవాళ్లకి ఇది నువ్వే చెప్పు. వేరే చెవి నుంచి వింటే రేపు నా చేను మీద పడతారు. ఇంకోటి. ఆ కౌళ్ల మాట. ఎక్కడ అన్నావో ఎలా అన్నావో అందరికీ తెలుసు. అందరి ముందే వెనక్కి తీసుకోవాలి."

"ఇది మాత్రం నీ హల్వా కంటే ఖరీదెక్కువ వదినా" అన్నాడు.

*

సోమవారం తెల్లవారేసరికి ముఠా మీది చేలో దిగింది. బిసేసర్ లేడు. మామూలుగా సర్దారు పొద్దున్నే లారీల వెనక పోతాడు, అది వింత కాదు. కానీ వంకాయ చొక్కాలవాళ్లు ధన్మతితో పలకలేదు. మోళ్ల సంగతి వాళ్లకి తెలిసిపోయిందని మొహాలే చెబుతున్నాయి. ఎవరు చెప్పారో, సగమే చెప్పారో, పూర్తిగా చెప్పారో.

మొదటి వరసలో వాళ్లలో ఒకడు వంగకుండానే కత్తి విసిరాడు. చెరకు పడింది. కింద మోకాలెత్తు మోడు నిలబడింది. వాడు ధన్మతి వైపు చూశాడు. ఇంకోటి నరికాడు. అదీ అంతే. రాజ్‌దేవ్ కత్తి పిడి బిగించి పట్టుకోవడం, అపిసాయ్ అతని భుజం మీద చెయ్యి వెయ్యడం ఆమె చూస్తూనే ఉంది. అన్నేళ్ల నోరు, ఆ పూటకి పనికిరాకుండా పోయింది. గట్టు మీద కర్ర పట్టుకుని నిలబడ్డ మహాదేవ్ తల తిప్పేసుకున్నాడు.

అప్పుడు వాలు కింది నుంచి ఆయాసపడుతూ బిసేసర్ వచ్చాడు. వంకాయ చొక్కా, నెత్తిన తువ్వాలు, చేతిలో కత్తి. ఎవర్నీ పలకరించలేదు. మొదటి వరసలో ఉన్నవాణ్ణి భుజంతో పక్కకి నెట్టి తానే నిలబడ్డాడు. సర్దారు కత్తి పట్టి మొదటి వరసలో నిలబడితే, ఆ చేలో మోడు ఎత్తు అతని చెయ్యే తేలుస్తుంది. తాతల నాటి కట్టుబాటు. అతను పొట్ట మడిచి, ఒక మోకాలు నేలకి ఆనించి, మన్ను గీరుకునేలా నరికాడు. చెరకు పడింది. కింద ఏమీ మిగల్లేదు.

"గుడ్లప్పగించి చూడ్డమేనా?" అన్నాడు, లేవలేక లేవలేక లేస్తూ. "నాలాంటివాడు వంగాడు, మీకేం రోగం?"

ఒక్కో నడుమూ వంగింది. రాజ్‌దేవ్ పట్టుదలకి పోయి సర్దారు కంటే కిందకి నరకబోయి రెండుసార్లు కత్తి రాతికి కొట్టాడు. మధ్యాహ్నానికి బిసేసర్ వరస ముఠా అంతటికీ వెనకపడింది. అయినా వదల్లేదు. అన్నాల దగ్గర ధన్మతి అతని పళ్లెంలో పప్పు పోస్తూ, "లారీ సంగతి?" అంది.

"నా బావమరిదిని పంపా. గేటు దగ్గర నా అంత గొంతు వాడికి లేదు. నీ చెరకు రేపటిదాకా ఎండితే నన్ననకు."

"అంటా."

సాయంత్రం లారీ రానే వచ్చింది. దాని మీదికి చివరి మోపు ఎక్కాక, రేకుల షెడ్డులో చాప పరిచారు. రాజ్‌దేవ్ మొహం గంటు పెట్టుకునే నగోనా వేరు పొడి తొట్టెలో నీళ్లకి కలిపాడు, పని అయ్యాక అందరూ కలిసి తాగే మత్తు నీళ్లు. మొదటి కొబ్బరి చిప్ప సర్దారుది. అపిసాయ్ అందించాడు. బిసేసర్ ఆనవాయితీగా ఒక్కసారి చప్పట్లు కొట్టి చిప్ప అందుకున్నాడు.

"తాగేముందు" అంది ధన్మతి.

"వదినా, నడుం విరిగిపోయింది, నాలుక కూడా విరవాలా?"

"నువ్వు చెప్పు."

బిసేసర్ చిప్పలోకి చూశాడు. బురద రంగు నీళ్లలో చెప్పాల్సిన మాట తేలుతుందేమోనని చూసినట్టు చూశాడు. "ఆ కౌళ్ల సంగతి... కనుక్కోకుండా అన్నాను."

"వినబళ్లేదు."

"కనుక్కోకుండా అన్నానూ!" అని అరిచాడు. లారీ డ్రైవరు కూడా తల తిప్పి చూశాడు. "అపిసాయ్, మీవాళ్లు కౌళ్లు తీసేస్తారా?"

అపిసాయ్ తాపీగా గడ్డం గోక్కున్నాడు. "ఆ మాట పుట్టిన రోజు నుంచి చూస్తున్నా, ఎవడైనా అడుగుతాడేమోనని. లేదు. తీసెయ్యరు."

ఎవరో కిసుక్కున నవ్వారు. బిసేసర్ గటగటా తాగి, చిప్ప బోర్లించాడు. "మా పార్టీ గెలిచింది. అది మాత్రం వెనక్కి తీసుకోను."

"ఉంచుకో. కల్వర్టు ఎప్పుడు కడతారు?"

"అప్పుడేనా! నిన్నగాక మొన్న గెలిచాం!"

"గెలిచినవాళ్లనే అడుగుతారు. ఓడినవాళ్లని అడిగితే మేం కట్టేస్తామా? రేపట్నుంచి రోజూ అడుగుతా. మంగళవారం మండలిలో కూడా అడుగుతా. పొద్దున నువ్వు పళ్లు తోముకునే చోటికొచ్చి అడుగుతా."

"దీనికంటే నువ్వు గెలిచినా బాగుండేది" అన్నాడు బిసేసర్, నిజంగానే విసుగ్గా.

అంతలో ఫోన్ మోగింది. వినీత. "ఆంటీ, ఎన్ని ఇళ్లయ్యాయి? పైవాళ్లు అడుగుతున్నారు."

"ఒక్కటేనమ్మా. అందులోంచే ఇంకా బయటపడలేదు."

"నవ్వుతూ మాట్లాడారా?"

"లేదు. మీ అత్తగారింటికెళ్లేటప్పుడు నువ్వూ నవ్వకు. ఏదైనా పని చేతిలో పట్టుకెళ్లు. రెండు చేతులూ ఖాళీ లేకపోతే కాస్త నయం."

షెడ్డులో చప్పట్లు, దగ్గులు, వాదనలు మళ్లీ మొదలయ్యాయి. ధన్మతి చెప్పులు విప్పి, పొద్దు ఇంకా ఉండగానే చేలోకి నడిచింది. ఎండాకు కిందికి పాదం జొనిపి, ఈడ్చుకుంటూ, చివరి వరస పట్టుకుని ఆ కొసకి పోయింది. ఏమీ తగల్లేదు. తిరిగి వచ్చింది. రాజ్‌దేవ్ వరస, అపిసాయ్ వరస, పేరు కూడా తలవడం ఇష్టంలేని వాళ్ల వరసలు. పాదానికి మెత్తటి ఆకు, దాని కింద చల్లటి మన్ను.

చివరికి మొదటి వరసలో, పొద్దున ఆ వంకాయ చొక్కావాడు వంగకుండా నరికిన చోటికి వచ్చేసరికి మోకాలికి ఠక్కున తగిలింది. మోకాలెత్తు మోళ్లు రెండు, అలాగే ఉన్నాయి. అందరూ వాటిని దాటుకుంటూ పోయారు.

"వంకాయ వెధవ" అంది ధన్మతి. షెడ్డు వైపు తిరిగి ఎవరినీ పిలవలేదు. గట్టు మీద పడున్న కత్తి తెచ్చుకుని, తిట్టుకుంటూనే వంగింది.